గార్ల పత్తికి ఊపిరి ఆడలేదు

జనగామలో నా పదవీ విరమణ సభ ఘనంగానే జరిగింది. మోకాళ్లు అరిగిపోయి వయసుకు ముందే ఉద్యోగం వదిలేసిన వ్యవసాయ విస్తరణ అధికారికి అంత ఘనత అవసరం లేదు. ఉక్కపోతలో శాలువా కప్పారు. దాని మీద బంతిపూల దండ వేశారు. దండలోని చీమలు శాలువాలోకి, శాలువాలోవి నాలోకి బదిలీ అవుతుండగా, నా పాత పై అధికారి మైకు అందుకున్నారు. ఆయనను మేమంతా పెద్దసారు అనేవాళ్లం.

"గార్లలో ఒక పత్తి చేను వాలిపోయింది," అన్నారాయన. "అందరం తలలు పట్టుకున్నాం. ఈయన గట్టు మీద నిలబడే, కళ్లజోడైనా సవరించుకోకుండా, ఇది గడ్డి మందు తగలడం వల్లే అని తేల్చేశాడు. చూపంటే అది!"

అందరూ చప్పట్లు కొట్టారు. కంగారులో నేను కూడా కొట్టాను.

ఆ మాట అబద్ధం. పెద్దసారుకు ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలు ముందు వరుసలో కూర్చుని నా వైపు భక్తిగా చూశారు. పిల్లలూ, మీ అందరి కోసమే ఇది రాస్తున్నాను. నా బదిలీలు, బిల్లులు, నివేదికల గురించి రాయను. చచ్చిపోయిన ఒక పత్తి చేను గురించి, దాని వల్ల ఒక బర్రె పడిన కష్టాల గురించి రాస్తాను.

తడిపెట్టు సారు

నా మొదటి ఉద్యోగం బచ్చన్నపేటలో. అక్కడి చెరువుల్లోకి నీళ్లు రావడమంటే దూరపు బంధువు రావడం లాంటిది. వస్తే సంతోషం, రాకపోతే అలవాటే. పత్తి వేసిన రైతులు నేలకంటే ఆకాశాన్నే ఎక్కువ చూసేవారు. "మొగులు దిక్కు జూసి జూసి మెడ వట్టింది సారు, దీనికేమన్న మందుంటే రాయి," అని ఒక పెద్దాయన నిజంగానే అడిగాడు.

అక్కడ ఆకు వాలిందంటే అర్థం ఒకటే. మొక్కకు దాహం. నేను చేనులో అడుగు పెట్టకముందే "తడి పెట్టండి" అనేవాణ్ణి. పెట్టేవాళ్లు. మర్నాటికి ఆకు నిక్కేది. నన్ను తడిపెట్టు సారు అనేవాళ్లు. అది పొగడ్త అనుకుని మురిసిపోయాను. ఒకే మందు తెలిసిన డాక్టర్‌ను కూడా ఒకే రోగం ఉన్న ఊళ్లో వేస్తే గొప్పవాడే అవుతాడని నాకు అప్పుడు తోచలేదు.

తర్వాత గార్లకు వేశారు. నేను నా ఒక్క మందునూ సంచిలో పెట్టుకుని రైలెక్కాను.

సోమక్క చేను

గార్ల దగ్గర ఒక పల్లెలో సోమక్క, వీరన్న అని అక్కాతమ్ముళ్లు ఉండేవారు. సోమక్క పుట్టిందీ మెట్టిందీ ఆ ఊళ్లోనే. తండ్రి పంచి ఇచ్చిన చేన్లు పక్కపక్కనే, మధ్యలో ఒక గట్టు. ఇద్దరూ కలిసి కొన్న బర్రె ఒకటి వీరన్న వాకిట్లో ఉండేది. దాని పేరు రాణి. పొద్దటి పాలు అక్కవి, మాపటి పాలు తమ్ముడివి.

సోమక్క చేను చెరువు కట్ట కింద, నల్లరేగడి. ఒక చివర బాగా పల్లం. ఆ ఏడు శ్రావణానికి ముందు వాన విడవకుండా కొట్టింది. తర్వాత ఒక్కసారిగా తెరిపిచ్చి ఎండ కాసింది. పల్లపు మూలన పత్తి ఆకులు వేలాడాయి. సోమక్క నన్ను పిలిపించింది.

నేను గట్టు మీద నుంచే చూశాను. పెద్దసారు ఆ ముక్క ఒక్కటీ నిజమే చెప్పారు. పైన నేల ఆరి సన్నగా పగిలి ఉంది. ఆకు వాలి ఉంది. ఇంకేం కావాలి?

"చెట్టుకు దూప అయితుందక్కా. తడి పెట్టు," అన్నాను.

"మొన్నటిదాంక వాన దంచికొట్టె గద సారు. ఇంకా నీళ్లా?"

"మీద జూడక్కా, నేల పర్రెలిచ్చింది. బచ్చన్నపేటల గిట్లనే ఉంటది."

"నువ్వు సదువుకున్నోనివి. నీ కడుపు సల్లగుండ," అని ఆమె మోటారు వేసింది.

చెప్పు తీసి, మడమతో ఒక్కసారి తొక్కి ఉంటే ఆ సన్నటి పెళ్ల కింద బురద పిసుక్కుమనేది. నాకేమో కొత్త చెప్పులు.

నాలుగు రోజుల్లో ఆ మూలంతా పడుకుంది. పెద్దసారు ఆ రోజు తనిఖీకి వచ్చి ఉన్నారు. చుట్టూ రైతులు. సోమక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"సారూ, నువ్వు దూప అన్నవ్. అది తాగి తాగి గీడనే పడిపోయింది," అంది.

అందరూ నవ్వారు. నేను ఒక మొక్కను పీకాను. వేరు గోధుమరంగుకు తిరిగి, పై తొక్క చేతికే ఊడి వచ్చింది. మురికికాల్వ కంపు కొట్టింది. పుస్తకంలో చదివిన పేజీ ఎక్కడో మెదిలింది గానీ, దానికంటే ముందు భయం మెదిలింది. నీళ్లు పెట్టమన్నది నేను. నవ్వుతున్నది ఊరు. చూస్తున్నది పెద్దసారు.

అప్పుడే గట్టు అవతల వీరన్న వీపు మీద మందు డబ్బాతో కనిపించాడు. గట్టు మీది గడ్డికి మందు కొట్టుకుంటున్నాడు. కొన్ని చోట్ల గడ్డి పండిపోయి కూడా ఉంది.

"గడ్డి మందు గాలికి తగిలినట్టుంది సార్," అన్నాను.

పెద్దసారు తల ఊపారు. "నేనూ అదే అనుకుంటున్నాను," అన్నారు. ఆయన ఎప్పుడూ ఎదుటివాళ్లు చెప్పిన తర్వాతే అనుకునేవారు.

ఆగి చూస్తే చిన్నపిల్లలకైనా అర్థమయ్యే సంగతులు అక్కడున్నాయి. గట్టు పక్కనున్న పత్తి నిక్షేపంగా ఉంది. గట్టుకు దూరంగా, పల్లపు మూలలో ఉన్నదే చచ్చింది. ఏ ఆకు మీదా మందు తగిలిన మచ్చ లేదు, ముడత లేదు. గడ్డి మందు గట్టు పక్క చేను దాటేసి మూలకు వెళ్లి దిగడానికి అదేమైనా ఎర్రబస్సా? ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

సోమక్క తమ్ముడి వైపు తిరిగింది. "అరేయ్ వీరా! నా చేను నీకేం పాపం జేసిందిరా?"

"అక్కా, నీ మీద ఒట్టు, నేను గట్టు మీదనే కొట్టిన!"

"ఒట్టు నా మీదెందుకు వెడ్తున్నవ్? చేను సచ్చింది సాలదా, నేను గూడ సావాల్నా?"

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

బర్రె మధ్యవర్తిత్వం

మాటలు మానేయడం తేలికే. ఉమ్మడి బర్రెను సగానికి కోసుకోవడం కుదరదు. సోమక్క రోజూ పొద్దున పాలకు తమ్ముడి వాకిట్లోకి రావాలి. ఇద్దరూ ఒక దారి కనిపెట్టారు. బర్రెతో మాట్లాడుకున్నారు.

నేను ఒకసారి ఆ దారిన పోతూ స్వయంగా విన్నాను.

"రాణీ, పాల గిన్నె కడిగి పెట్టుమని జర మా అక్కకు చెప్పు," అన్నాడు వీరన్న, గోడ వైపు చూస్తూ.

"రాణీ, మాపటికి తాగి బోర్లించనోడు పొద్దుగాల ముచ్చట్లు చెప్పొద్దని చెప్పు," అంది సోమక్క, పొదుగు వైపు చూస్తూ.

రాణి నెమరేసింది. అది ఎవరి పక్షమూ తీసుకోలేదు. ఈ కథలో బుద్ధిగా నడుచుకున్నది అదొక్కటే.

రాఖీ పున్నమ మరీ ఘోరం. సోమక్క రాఖీ తెచ్చి, తమ్ముడు చూస్తుండగానే బర్రె కొమ్ముకు కట్టి, దాని నోట్లో లడ్డూ పెట్టి వెళ్లేది. వీరన్న అక్కకు తెచ్చిన చీరను బర్రె వీపు మీద పరిచి పక్కకు తప్పుకునేవాడు. ఒక ఏడు ఆమె చీర తీసుకోవడానికి ఆలస్యం చేసింది. రాణి జరీ చీరతో సహా వెళ్లి కుంటలో పడుకుంది. ఊరంతా వచ్చి చూసింది. "పెండ్లిపిల్ల లెక్కుంది," అన్నారు. నవ్వనిది ఇద్దరే. వీరన్న ఒక వైపు, సోమక్క ఒక వైపు ఆ చీర చెంగు పట్టుకుని, ఒక్క మాట లేకుండా బురదలోంచి లాగారు.

నేను గుంపు వెనక నిలబడి చూశాను. నేనూ నవ్వలేదు. అయినా నోరు తెరవలేదు. ఊళ్లో వీరన్నకు "అక్క చేను మాడ్చినోడు" అనే పేరు స్థిరపడింది. నాకు భూపాలపల్లికి బదిలీ అయింది. ఆ బదిలీకి ఎంత సంతోషించానో చెబితే మీకు నా మీదున్న కాస్త గౌరవమూ పోతుంది. అందుకే చెబుతున్నాను.

పెద్దసారు బూటు

భూపాలపల్లిలో ఒక చెరువు నిండా జమ్ము. మనిషెత్తు పెరిగి, గోధుమరంగు కండెలు ఊపుకుంటూ ఉండేది. తూము దగ్గర నీళ్లు కదలనివ్వడం లేదని ఆయకట్టు రైతులు మొర పెట్టుకున్నారు. పెద్దసారు అక్కడికీ వచ్చారు. ఆయన చెరువు కట్ట మీద నిలబడి, "నీళ్ల పైన సమానంగా కోయించండి. చూడ్డానికి బాగుండాలి," అన్నారు. క్షవరం చేసినట్టు కోయించాం.

కోత ఎంత సమానంగా ఉందో చూపిద్దామని ఆయన ఆ మోళ్ల మీదికి ఒక అడుగు వేశారు. అది నేల కాదు, బురద మీద పరుచుకున్న వేళ్ల చాప. నడుము దాకా దిగారు. నలుగురం లాగితే పెద్దసారు వచ్చారు గానీ ఎడమ బూటు రాలేదు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

కొన్నాళ్లకు వాన పడి చెరువు ఎక్కింది. కట్ట వెంబడి మెరకలో మోళ్లు నీళ్ల పైకి కనబడుతున్న చోట జమ్ము మళ్లీ పచ్చగా లేచింది. లోతులో, మోళ్లు పూర్తిగా మునిగిన చోట ఒక్క మొలక లేదు. లాగి చూస్తే దుంపలు కుళ్లి ఉన్నాయి. అదే కంపు. గార్లలో నా చేతికంటిన మురికికాల్వ కంపు.

నేను కట్ట మీద కూలబడ్డాను. మోకాళ్ల వల్ల కాదు.

మొక్క వేళ్లకూ ఊపిరి కావాలి. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటుంది, వేరు దాన్ని పీల్చుకుంటుంది. నీళ్లు నిలిస్తే ఆ సందులు మూసుకుపోతాయి. నీటిలోంచి గాలి వేరు దాకా చేరడం చాలా నిదానం. ఊపిరాడని వేరు పని ఆపేస్తుంది. నీళ్లను పైకి పంపలేదు. అందుకే మొక్క మెడ దాకా నీళ్లలో నిలబడి కూడా దాహంతో వాలిపోతుంది. పైనుంచి చూసేవాడికి అచ్చం బచ్చన్నపేట ఎండలా కనబడుతుంది. అలాంటి మొక్కకు నేను ఇంకా నీళ్లు పోయించాను. మునిగిపోతున్నవాడు చేతులు ఊపితే, పలకరిస్తున్నాడనుకుని నేనూ చెయ్యి ఊపినట్టు.

జమ్ము మాత్రం బురదలో ఎలా బతుకుతుంది? ఆకులోంచి దుంప దాకా దానికి గాలి గొట్టాలుంటాయి. ఎండిన మోడు కూడా గొట్టంలా పనిచేసి కిందికి ఊపిరి పంపుతుంది. మోడు మునిగిందా, ముక్కు మూసినట్టే.

పువ్వుకు పంచర్

నాకు ఒకసారి తప్పు జరిగింది కనుక ఈసారి కళ్లతో చూస్తే తప్ప నమ్మదలచుకోలేదు. చెరువులో నుంచి తామర కాడ ఒకటి కోసుకుని ఖాజా భాయ్ దగ్గరికి వెళ్లాను. మా వీధి మలుపులో ఆయనది సైకిల్ పంచర్ దుకాణం. గాలి ఎక్కడ పోతుందో చూడ్డానికి పనికొచ్చే నీళ్ల తొట్టి ఊళ్లో ఆయన దగ్గరే ఉంది.

"ఏంది సాబ్, పువ్వుకు పంచర్ అయ్యిందా?" అన్నాడు.

కాడ ఒక కొస తొట్టిలో ముంచి, రెండో కొస నోట్లో పెట్టుకుని ఊదాను. బుడబుడమని బుడగలు వచ్చాయి. ఖాజా భాయ్ కాడను లాక్కుని తానూ ఊదాడు. తర్వాత పంచర్ కోసం వచ్చినవాళ్లంతా ఊదారు. "సాబ్, గీ ట్యూబ్ ఏ కంపెనీది? లోపల నాలుగైదు దార్లున్నయ్!" అన్నాడు. పత్తి కాడ తెచ్చి ఊదితే మా ఇద్దరి చెవులూ ఎర్రబడ్డాయి గానీ ఒక్క బుడగ రాలేదు.

ఇంటి దగ్గర బకెట్లలో నీళ్లు నింపి ఒకదాంట్లో వరి, ఒకదాంట్లో పత్తి కుండీలు ముంచి పెట్టాను. పత్తి వాలింది. వరి కులాసాగా ఉంది. వరి వేరును అడ్డంగా కోసి భూతద్దంలో చూస్తే లోపల సన్నని ఖాళీలు. ఆ దారుల్లోనే గాలి దిగుతుంది. ఆ గాలి కొంచెం బయటికి కూడా కారి, చుట్టూ ఉన్న బురదలోని ఇనుము తుప్పు పట్టి వేరుకు ఎర్రటి పూత పూస్తుంది. నాట్లప్పుడు జీలుగ రొట్ట తొక్కిస్తారు చూడండి, నీళ్లు నిలిస్తే ఆ జీలుగ కాడ అడుగున బెండులా ఉబ్బుతుంది. అదీ గాలి కోసమే. చెరువు గట్టు మీది మద్ది చెట్టు నీళ్లు మొదలెక్కితే పైపైన కొత్త వేళ్లు వేసుకుంటుంది. ఎవరి ఏర్పాటు వాళ్లది. పాపం పత్తికే ఏ ఏర్పాటూ లేదు. దానికి ఉండవలసిన ఏర్పాటు నేను. పల్లపు మూలన ఒక కాల్వ తీయించి నీళ్లు బయటికి పంపమని చెప్పాల్సిన నేను.

బకెట్లలో దోమలు పుట్టాయి. "జీతమిచ్చేది పత్తిని ముంచి సంపుతందుకేనా?" అని మా ఆవిడ అన్నీ వాకిట్లో పారబోసింది. నాకు తెలియవలసింది అప్పటికే తెలిసింది.

గార్లకు ఒక ఫోన్ చేయవచ్చు. చేయలేదు. పాత సంగతి, ఎవరికి గుర్తుంటుందిలే అనుకున్నాను. ప్రతి రాఖీకీ కొమ్ము గుర్తొచ్చేది. మళ్లీ ఏడు చూద్దాం అనుకునేవాణ్ణి. పిల్లలూ, వాట్సాప్‌లో ఫొటో చూసి మందు రాసేది మీరు. మీకు నేను చెప్పగలిగింది ఒక్కటే: చెప్పులు విడిచి చేనులో దిగండి, వేరు పీకి వాసన చూడండి. తప్పు చెబితే మర్నాడే వెళ్లి తప్పని చెప్పండి. నాలాగా నాన్చితే, చివరికి అదే తప్పుకు మీకు దండ వేస్తారు.

గోలెం దగ్గర

ఆ దండ తర్వాత రాఖీ వచ్చింది. తడిగుడ్డలో తామర కాడలు, ఒక పత్తి మొక్క చుట్టుకుని రైలెక్కాను. "రాఖీకి పూలు దెంపి కాడలు పట్టుకవోతున్నవా సారు?" అని పక్కనున్న ఆమె జాలిపడింది.

నేను వెళ్లేసరికి సోమక్క వాకిట్లోకి వస్తోంది. జుట్టు నెరిసింది. చేతిలో రాఖీ, లడ్డూ. వీరన్న మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. రాణికి అంతా అలవాటే, అది అప్పటికే తల వంచి కొమ్ము అందించింది.

"అక్కా, జర ఆగు," అన్నాను.

ఆమె నన్ను గుర్తుపట్టింది. "రాణీ, గీ సారు గిన్నేండ్లకు ఎందుకొచ్చిండో అడుగు," అంది. అలవాటులో మనుషులందరికీ అదే పద్ధతి అయిపోయినట్టుంది.

నేను మాటలతో మొదలుపెడితే పారిపోతానని నాకు తెలుసు. బర్రె తాగే కుడితి గోలెం దగ్గరికి వెళ్లి తామర కాడ ముంచి ఊదాను. కుడితి బుడబుడలాడింది. రాణి ఉలిక్కిపడి వెనక్కి దూకింది. వీరన్న ఆగలేక లేచి వచ్చి, "గదేంది సారు, నేనూ ఊత్త," అని బలంగా ఊదాడు. కుడితి ఎగిరి మొహం నిండా పడింది. సోమక్క పెదవులు బిగించుకుంది, నవ్వు రాకుండా. పత్తి మొక్కకు వేరు, కొమ్మలు కోసేసి కాడ ఆమె చేతికిచ్చాను. బుగ్గలు పూరీల్లా పొంగించి ఊదింది. ఏమీ రాలేదు.

"రాదక్కా. తామరకు గాలి దారి ఉంటది, పత్తికి ఉండది. నీళ్లు నిలిస్తే పత్తికి ఊపిరాడది. నీ చేను నీళ్లు నిలిచి సచ్చింది. మీదికెల్లి ఇంకా నీళ్లు పెట్టుమన్నది నేనే. గడ్డి మందు కాదు. గా దినమే నాకు అనుమానమొచ్చింది. సిగ్గయి వీరన్న మీదికి నెట్టిన."

సోమక్క చేతిలోని పత్తి కాడను కింద పడేసింది.

ముందు వీరన్నకే నోరు వచ్చింది. "గిన్నేండ్లు బర్రెతోని మాట్లాడిన సారు! ఊళ్లె పోరగాండ్లు నన్ను జూసి అంబా అంటున్నరు!"

"నా తమ్మున్ని పట్టుకొని దొంగను జేసినవ్!" అని సోమక్క అందుకుంది. "నువ్వేం సారువు? నీ సదువు మీద మన్నువడ!"

"మన్ను గాదక్కా, బురద!" అన్నాడు వీరన్న.

"అవ్ రా, బురదే వడాలె!"

ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ నన్ను తిట్టారు. మధ్యలో ఎక్కడో వాళ్లు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకుంటున్నారని వాళ్లకే తట్టింది. ఇద్దరూ ఒక్కసారిగా ఆగిపోయారు. సోమక్క చేతిలోని రాఖీ వైపు చూసుకుంది. వీరన్న మొహం మీది కుడితిని కొంగుతో తుడిచి, "చెయ్యి వట్టు," అంది. అతను పట్టాడు. ఆమె రెండు ముళ్లు వేసింది. రాణి ఇంకా తల వంచుకునే ఉంది. లడ్డూలో సగం విరిచి దాని నోట్లో కూడా పెట్టింది.

నేను మెల్లగా గడప వైపు జరిగాను.

"రాణీ," అంది సోమక్క, నా వైపు చూడకుండా, "సారు చాయ్ తాగకుంట పోతే కాళ్లు ఇరగ్గొడ్తనని చెప్పు. చక్కెర ఎంత ఎయ్యాల్నో అడుగు."

నేను తిరిగి వచ్చి బర్రె ముందు నిలబడ్డాను.

"రాణీ," అన్నాను, "జర తక్కువనే ఎయ్యమని చెప్పు."